చిప్ప తాగిన నీళ్లు

మా వదిన బక్కమ్మకు మొదలు పెదాలు తిమ్మిరెక్కినయి.
తంబాకు ఎక్కువైందేమో అనుకున్నది.
తర్వాత వేళ్ల కొసలు.
తర్వాత నాలుక,
మాటను పట్టుకోలేక జారవిడిచింది.

ముందర సత్తుగిన్నెల
చింతచిగురేసి వండిన నల్లచిప్పల కూర.
మూసీ కుడికాలువ బందై నలభై రోజులు.

కుంట అప్పటికే రంగు మారింది.
కేతేపల్లి బస్సులకెల్లి చూసినోళ్లు
ఎంత పచ్చగుందిరా అన్నరు.
ఒడ్డెంబడి మీగడ లెక్క మందంగ,
కట్టెతోని కదిపితే కట్టెకే అంటింది.

నీళ్ల పరీక్షకొచ్చిన పిల్ల
సీసాలు నింపుకుంట చెప్పింది,
ఇది ఎవరూ నాటింది కాదు, పిలిస్తే వచ్చింది.
పట్నం కడుక్కున్న సబ్బునురుగు,
మన మడులు తాగలేక ఇడిచిన యూరియా,
కదలని నీళ్లు,
నలభై నాలుగు డిగ్రీల ఎండ.
ఇంత మర్యాద చేస్తే ఎవరు రారు?

చిప్పకేం ఎరుక.
బురదల నోరు తెరుచుకొని
రాత్రీ పగలూ కుంటను వడగడుతది.
తేటనీళ్లు బయటికి, మిగిలింది కడుపులకు.
దానికేం కాదు.

ఉడకబెడితే చావదా అని అడిగిన.
పురుగైతే చచ్చేది, అన్నది.
మా తాతలకాడి నుంచి తెలిసిన మందు ఒక్కటే,
మంచిగ ఉడికించుడు.

ఆ పగలు పిల్లలు పళ్లాలు మోగించుకుంట వచ్చిండ్రు.
తినకుండ్రి అనాలె.
నోట్లకెల్లి గాలొచ్చింది, మాట రాలే.
చెయ్యి లేవలే.
మోచేతితోని నెట్టింది,
కూరంత పొయ్యిల బూడిదల పాలు.
చిన్నోడు ఏడ్చిండు,
అమ్మకు కోపమొచ్చిందనుకొని.

నల్లగొండ పెద్దదవాఖానల మూడు రాత్రులు
ఒక మిషను ఆమె బదులు గాలి పీల్చింది.
నాలుగోనాడు మొదటి మాట:
గిన్నె తోమిండ్రా?

జూలైల వాన దంచింది. కాలువ ఇడిచిండ్రు.
పచ్చ కొట్టుకపోయింది, కొంగలు మళ్లొచ్చినయి.
సొసైటోళ్లు చేపపిల్లలిడిచి ఫోటో దిగిండ్రు.
పరీక్ష పిల్ల మాత్రం ఫోటోల నిలబడలే.
పోలేదన్నా, అన్నది నాతోని,
అడుగు బురదల గింజలై పండుకున్నది.
ఎండా ఎరువూ నిలిచిన నీళ్లూ
మళ్ల ఒక్కకాడ కూడితే లేస్తది.

ఇప్పుడు కుంటల నుంచి ఏది తెచ్చినా
వదిన ముందుగాల పులుసు ఒక్క చుక్క
పెదానికి అంటించుకుంటది.
వద్దే అంటే ఇనది.
ఒక బీడీ కాలేంత సేపు.
పళ్లాల ముందర కూసొని
మేమందరం
ఆమె మూతి దిక్కే చూస్తుంటం.