బుల్లి కనుమ

అరవై ఒక్క గంటలు నడిచి
తెల్లవారుజామున నాలుగున్నరకి ఆగింది.
ఆగడంలో రెండు రకాలు: మధ్యలో చచ్చి ఆగడం, పని తెమిలి ఆగడం.
ఇది రెండోదేనని చిట్టచివరి వరుస చెప్పింది.
దానికి కాస్త పైన, అలవాటుగా, ఎవరిదో ఓ సూక్తి.
యంత్రానికి కూడా
నీతి చెప్పనిదే నిద్ర పట్టదు.

నేను కిందనుంచి పైకి చదువుతాను.
మా సుభద్ర పిన్ని రాజమండ్రిలో పంచాంగం ప్రూఫులు దిద్దేది,
తిథులు, నక్షత్రాలు, ఘడియలు, విఘడియలు.
వెనకనుంచి చదివితే మనసు అర్థం మీదికి పోదే,
తప్పు తానే లేచి నిలబడుతుందే, అనేది.
వోలాంగాంగ్‌లో, మూడో అంతస్తులో, హీటర్ పక్కన
ముప్పై ఎనిమిది వేల వరుసల అడుగున కూచుని
ఆమె వేలితోనే పైకెక్కుతున్నాను.

శక్తి: మైనస్ వెయ్యిన్నీ రెండు వందల నలభై ఏడు,
ఆపైన ఎనిమిది దశాంశాలు.
పెద్ద అంకె చూసి బెదరకూడదు, దాంతో ఎవరికీ పని లేదు.
మా గొడవంతా దశాంశానికి అవతల
మూడో ఇంట్లో కాపురముండే చిల్లరతో.
అక్కడ రెండో మూడో తేడా వచ్చిందంటే
సాయంత్రానికి అవ్వాల్సిన చర్య
వచ్చే వారానికి అవుతుంది.

బలాలకి రెండు పరీక్షలు, కదలికలకి రెండు.
అవును. అవును. అవును.
నాలుగోది నెల్లాళ్ళుగా మొండికేస్తూ వచ్చింది.
అవును!

ఇక కంపనాలు.
లోయలో స్థిరపడిన అణువుకి అన్నీ ధన సంఖ్యలే.
నాకు లోయ వద్దు, కనుమ కావాలి.
ఒక్క దారిన అటూ ఇటూ జారాలి,
తక్కిన దిక్కులన్నీ లేచి నిలబడాలి.
అంటే ఒక్క ఊహాసంఖ్య. ఒక్కటంటే ఒక్కటే.
అచ్చులో దానికి వేరే వేషం దొరక్క
మైనస్ గుర్తు తగిలిస్తారు.

ఉంది. ఒక్కటే ఉంది.
మైనస్ ముప్పై ఎనిమిది.

కేక వేశాననుకుంటా.
ఫియోనా టల్లక్ టీ కప్పుతో వచ్చి నా భుజం మీదుగా చూసి
ఆ అంకె దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగి
"ఆడించి చూశావా?" అంది.

ఆడించాను.
ఆక్సిజన్ మీంచి నైట్రోజన్ మీదికి దూకాల్సిన హైడ్రోజన్
దూకలేదు, అసలు అటు చూడనే లేదు.
ఎక్కడో ఓ మూల, ఈ కథతో సంబంధం లేని మిథైల్ ఒకటి
మూడు చేతులూ చాపి
తీరిగ్గా తిరుగుతోంది,
కరెంటు పోయాక కూడా ఫ్యాను తిరిగినట్టు.

"అభినందనలు," అంది ఫియోనా. "ఫ్యాను కనిపెట్టావు."

కిటికీలోంచి కొండ కనిపిస్తుంది.
దాని మీదికెళ్ళే రోడ్డుని బుల్లి పాస్ అంటారు ఇక్కడ.
ఎవరి మాటో, ఏమర్థమో నాకు తెలీదు,
తెలుగు చెవికి మాత్రం
ఎవరో చంటిపిల్లని పిలిచినట్టుంటుంది.
వచ్చిన కొత్తలో ఆ మలుపులన్నీ బస్సులో ఎక్కి
పైన, అటువైపు దిగే లోయ కోసం మెడ చాచాను.
లేదు. ఎక్కడమే ఎక్కడం, ఎక్కాక చదును.
గమ్ చెట్లు, సిడ్నీకి దారి.
పేరుకే కనుమ.

ఫైలు నాకు అబద్ధం ఆడలేదు.
నాలుగు అవునులూ నిజం, మైనస్సూ నిజం,
చివర్లో ఆ సూక్తి కూడా నిజమే కావచ్చు.
అది చూపించిన చోటే ఉంది.
నేనే వేరే చోటు ఊహించుకున్నాను.

నాకు ముందు ఈ ఫోల్డరు వాడిన తెవిత అనే కుర్రాడు
తన ఫైళ్ళకి వరసగా
ఆఖరిది, నిజంగా ఆఖరిది, ఇక ఒట్టు
అని పేర్లు పెట్టి వెళ్ళాడు.
చేరిన రోజు చూసి ఎంత నవ్వానో.

ఇప్పుడు హైడ్రోజన్‌ని చెయ్యి పట్టుకు తీసుకొచ్చి
దారి నడుమ నిలబెట్టాను,
ఇటు ఒకటి పాయింట్ రెండు, అటు ఒకటి పాయింట్ మూడు.
మిథైల్‌ని ఓ పక్కకి ఒత్తిగిల్లబెట్టాను.
వరసలో మా ముందు నూట పన్నెండు ఉన్నాయి.
ఫియోనా కప్పు ఇక్కడే మర్చిపోయింది.

ఫైలు పేరు:
ఇక ఒట్టు, రెండు.