ఇడ్లీ రేకులో ఇంజను

నాలుగు రేకులు, రేకుకి నాలుగు గుంతలు.
ఏ బోల్టు ఎక్కడిదో ఆ వరసలోనే పేర్చాను.
పైరేకులో హెడ్డు బోల్టులు,
దాని కింద టర్బో నట్లు,
అట్టడుగున, ఎక్కణ్ణుంచి ఊడిందో తెలీని
ఒక రాగి వాషరు.
"కలిపీకు. కలిపీసేవంటే బండి తుక్కుకే."
బండి కిందనుంచి ఆయన కాళ్లు మాట్లాడేయి.

కాశీనగరంలో ఆ వారం కరెంటు
రాత్రి తొమ్మిదికెళ్లి, దాని బుద్ధి పుట్టినప్పుడొచ్చేది.
అంచేత నా ఉద్యోగం టార్చి.
పగలంతా జాకెట్లు కుట్టిన చెయ్యి
రాత్రంతా వెలుగు పట్టుకోవాలి.
వెలుక్కి బరువుంటుందని ఎవరూ చెప్పలేదు నాకు.
మోచేతి దగ్గర మొదలై మెడలోకి పాకుతుంది.
కొంచెం వంగితే చాలు,
"ఎటు చూపిస్తున్నావు? నన్నా, ఇంజన్నా?"

పికప్పుకి పదకొండేళ్లు.
పైకి సిమెంటు, కిందకి అనాసపళ్లు.
కొత్త బళ్లోళ్లు రెండు ట్రిప్పులేసి టీ తాగుతుంటే
మాది ఇంకా రామగిరి ఘాటీలో
మొదటి గేరులో మూలుగుతుండేది.
"మీ బండి వచ్చేసరికి
పండు మగ్గిపోతోంది" అన్నాడు షావుకారు సాహు,
నవ్వుతూనే, లెక్కలోంచి మూడొందలు కోసి.

బరంపురం తుక్కు బజారులో దొరికింది టర్బో,
బోల్తా పడ్డ ఏదో స్కార్పియోది.
"ఎవరు పోయేరో అందులో" అన్నాను.
"టర్బో పోలేదు కదా" అన్నాడు.
రింగులు కూడా మార్చాలట.
నా ఉంగరం తాకట్టులో ఉండి రెండేళ్లు.
పిస్టన్లకి మాత్రం కొత్తవి, మూడేసి చొప్పున.

మూడు సరుగుడు కర్రలు, ఒక గొలుసు కప్పీ.
పక్కింటి బిపిన్ పాత్రో లాగుతుంటే,
"ఆఉ టికే, దాలి భాయ్, ఆఉ టికే"
ఇంజను గాల్లోకి లేచింది,
తూకానికి వేలాడే మేకలా, కాసేపు ఊగి.
ఖాళీ బానెట్లోకి తొంగి చూశాను.
అంత చోటులో పదకొండేళ్ల మా అన్నం.

తొమ్మిదో రాత్రి స్టార్టయ్యింది.
బిపిన్ చప్పట్లు కొట్టేడు. ఆయన కళ్లు మూసుకున్నాడు.
నేను విన్నాను.
"మూడోది వదులుంది" అన్నాను.
"ఏటి మూడోది?"
"ఆ టకటక. బాబిన్ కేసు వదులైతే
నా మిషనూ ఇలాగే అరుస్తుంది.
గుడ్డ మందమంత సందు ఉండాల్సిన చోట
దుప్పటి మందముంది."
ఆయన ఏం అనలేదు.
మూత విప్పేడు. గేజి పెట్టి చూసేడు.
మూడో సిలిండరే.

స్పానరు నా చేతిలో పెట్టి
టార్చి తీసుకున్నాడు.
పెళ్లయ్యాక మొదటిసారి వెలుగు ఆయన పట్టుకున్నాడు.
చెయ్యి వణికింది, పాపం, అలవాటు లేక.
"ఎటు చూపిస్తున్నావు?" అన్నాను.

మొదటి లోడు రోజు నేనూ ఎక్కాను,
కాళ్ల మధ్య నీళ్ల కేను పెట్టుకుని.
ఏడో మలుపు దగ్గర రోజూ ఆగేవాళ్లం,
రేడియేటరు చల్లారేదాకా.
సవర ముసలమ్మ ఒకామె
మోదుగాకులో పనసతొనలు తెచ్చేది,
ఇంజను పొగని చేత్తో విసురుతూ.
ఆ రోజు మూడో గేరు.
టర్బో ఈల వేసింది, మలుపు తిరిగిపోయింది.
ఆమె ఆకు పట్టుకుని లేచి నిలబడ్డం
అద్దంలో చూశాను.
ఆపమని నేనూ అనలేదు.
పైకెక్కాక చూస్తే
కేను మూత తియ్యనే లేదు.

ఇప్పుడు రోజుకి రెండు ట్రిప్పులు.
చింతపండేసి తోమినా, బూడిదేసి తోమినా
ఒక గుంతకి డీజిలు వాసన పోలేదు.
ఆ ఇడ్లీ ఆయనకే వేస్తాను. తెలిసే తింటాడు.

రాగి వాషరు మాత్రం
ఎక్కడిదో ఇప్పటికీ తేలలేదు.
అది లేకుండానే బండి ఎక్కుతోంది, దిగుతోంది.
మిషను సొరుగులో, గుండీల మధ్య దాచాను.
సాయంత్రం అయిదున్నరకి,
లోడుతో ఆయన ఘాటీ దిగే వేళకి,
దారం కోసమని సొరుగు తీస్తాను.
దారం చేతిలోనే ఉంటుంది.