పడని వాళ్ళ లెక్క

వారాసిగూడలో రేషన్ షాపు మీద ఒక గది.
మెట్లు పద్నాలుగు. లెక్కపెట్టాను,
లెక్కపెట్టడమే నా ఉద్యోగం.
రెండు వైపులా కొత్త ఇనుప కడ్డీ.
రెండోది దండగ కదా అంటే
"దిగేటప్పుడు గూడ కుడిచెయ్యికే దొరకాలె" అన్నాడు
ఎడమచెయ్యి పక్షవాతానికి ఇచ్చేసిన లింబాద్రి.

బంజారాహిల్స్ అద్దాల ఆఫీసు నుంచి
ఫారం పట్టుకుని వచ్చాను.
ఫౌండేషన్ ఇచ్చిన డబ్బు ఏమైందో
చూసి రమ్మన్నారు.

గదిలో పద్దెనిమిది మంది
ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు.
నవ్వబోయి ఆగాను.
సబిత గడియారం చూస్తూ అంకెలు చదువుతోంది:
"ఎనిమిది, తొమ్మిది... రహీమున్నీసా ఆపా,
గోడ ఇడిచిపెట్టు. గోడ యాడికీ పోదు."

కుర్చీలు ఇరవై. బిల్లు ఉంది.
బీపీ మిషన్ ఒకటి. బిల్లు ఉంది.
స్నానాలగదికి గరుకు చాపలు నూట నలభై.
బిల్లు ఉంది, కాని ఫిలోమినమ్మ చాప మీద
పిల్లి పడుకుంటోందట,
లేపడానికి ఆమెకు మనసొప్పడం లేదట.

పదకొండో గడి:
'సాధించిన ఫలితం. అంకెల్లో రాయండి.'

"పడినవాళ్ళు ఎందరు?"
"పోయినేడు తొమ్మిదిమంది. ఈ యేడు ఇద్దరు.
అండ్ల ఒకామెను నల్లాకాడ కొట్లాటల తోసిన్రు,
అది గూడ లెక్కకొస్తదా సార్?"

మరి పడనివాళ్ళు?
అర్ధరాత్రి నల్లా వచ్చిన చప్పుడుకు
బిందె కోసం దిగ్గున లేవకుండా
మంచం అంచున కూర్చుని, నేర్పినట్టే పది ఊపిర్లు లెక్కపెట్టి
చీకట్లో అడుగేసిన సాయమ్మ?
జారబోయిన మడమను
చాప పట్టుకున్న ఆ అరక్షణం?
జరగనిదానికి రశీదు ఎవరిస్తారు?
విరగని తుంటికి
ఎక్స్‌రే ఎవరు తీస్తారు?

మా ఫౌండేషన్ పెట్టిన పెద్దాయన
టైల్స్ అమ్మేవాడు.
ముఖం కనిపించేంత నునుపు, అదే ఆయన గొప్ప.
ఈ నగరంలో ఎన్ని బాత్రూముల్లో
ఆయన నునుపు మెరుస్తోందో.
చివరికి తన ఇంట్లో
తన టైల్ మీదే పడ్డాడు.
తెల్లారేదాకా ఎవరికీ తెలియలేదు.
ఆఫీసులో ఈ మాట ఎవరమూ ఎత్తం.
ఫొటోకి రోజూ దండ మారుస్తాం.
నునుపు అమ్మిన డబ్బు
ఇప్పుడు గరుకు కొంటోంది.
ఏ పద్దు కింద రాయాలో
మా ఆడిటరుకూ తెలీదు.

"రాస్తనే ఉంటవా సారూ,
ఒకపారి నువ్వు గూడ నిలబడరాదు?"
అన్నాడు లింబాద్రి.
ఆజామాబాద్‌లో ముప్పై ఏళ్ళు
లేత్ మిషన్ ముందు నిలబడ్డ మనిషి.
కాదనలేకపోయాను.

నాకు యాభై రెండు.
నాలుగు అంకెలకే గది పక్కకు ఒరిగింది.
ఫారం జారింది, పెన్ను జారింది,
నా చంక కింద ఒక చెయ్యి వచ్చింది.
ఎముకా నరమూ తప్ప ఏమీ లేని చెయ్యి,
గాజులు కూడా మోచేతిదాకా జారిపోయే చెయ్యి.
రహీమున్నీసా నన్ను పట్టుకుంది,
రెండో కాలు ఇంకా కింద పెట్టకుండానే.

"ఇరవై రెండు" అంది సబిత.
అందరూ నవ్వారు.
నన్ను చూసి కాదనే అనుకుంటున్నాను.

పదకొండో గడిలో 'ఒకటి' అని రాశాను.
వివరణ: ఉదయం పదకొండున్నర ప్రాంతంలో
ఒక మనిషి పడలేదు.

వెళ్తుంటే మెట్ల దగ్గర ఆపి అడిగారు,
వచ్చే ఏడు చాపలు వద్దట,
బస్టాపులో బెంచీ కావాలట.
కొంచెం ఎత్తుది. కూర్చోవడం ఎలాగైనా కూర్చుంటారట,
లేవడమే.
ఫారంలో దానికి గడి లేదు.
కాగితం వెనక్కి తిప్పి
కడ్డీకి ఆనుకుని రాసుకున్నాను.