తరుగు

నా పుస్తకంలో ఐదు గళ్లు.
పేరు, సరుకు, తూకం, తరుగు, ధర.
కుందులి సంతలో, పొట్నూరు సావుకారి కాటా పక్కన
పంతొమ్మిదేళ్లుగా
నాలుగో గడి నాది.

మట్టికి బస్తాకి రెండు కేజీలు.
వానలో తడిస్తే మూడు.
గోనెకి ఒకటి.
కుళ్లుకి లెక్క లేదు,
సావుకారి కంటికి ఎంత ఆనితే అంత.

మాఘంలో టమాటా దిగుతుంది,
సెమిలిగుడ రోడ్డంతా ఎర్రగా.
పొద్దున్న ఎనిమిదింటికి కేజీ ఆరు
పదింటికి నాలుగు
విశాఖపట్నం నుంచి ఫోనొస్తే రెండు.
మధ్యాహ్నానికి, వెనక్కి మోసుకెళ్తే డీజిలు దండగని
కల్వర్టు పక్కన గుమ్మరించి పోతారు.
ఆవులు కూడా మూతి తిప్పుకుంటాయి.
ఆ రోజు నేనేం రాయను.
సరుకంతా తరుగే అయ్యాక
గడి గీసి ఏం లాభం?

అదే టమాటా శ్రావణంలో
పగిలినా, భుజం పచ్చగా ఉన్నా
కేజీ అరవై.
"రా అమ్మా, నీడలో కూచో" అంటాడు సావుకారు.
ధర పెరిగితే
వరసలు కలుస్తాయి మా కాటా దగ్గర.

అల్లం సంగతి వేరు.
వేసంగి చివర విత్తనం కొమ్ము పాతి,
మొక్క మోకాలెత్తు లేచాక
మొదట్లోకి వేళ్లు పోనిచ్చి, పిల్ల వేరు కదలకుండా
పాత కొమ్ముని ఒడుపుగా విరిచి తీస్తారు.
పిల్ల మట్టిలో ఉండిపోతుంది,
తల్లి సంతకొస్తుంది.
ముడతలు పడి, పీచు కట్టి, నల్లబడి.
ఆ నెలంతా దానిదే రేటు.
పుష్యంలో కొత్తల్లం నున్నగా బలిసి వచ్చేసరికి
రేటు పావు వంతు.
ముసలితనానికి ధర పలకడం
నా ఎరికలో ఇదొక్క చోటే.

సుక్రి ముదిలి శుక్రవారం పుట్టింది, సంత రోజున.
ఆ కొండల్లో పేరుకి పంచాంగం అక్కర్లేదు,
వారం చాలు.
గట్టు మీంచి రెండు కోసులు దిగొచ్చి
ఇరవై రెండు కేజీల పాతల్లం దింపింది.
ఇరవై అని రాశాను.
"రెండేటి?"
"మట్టి."
మారు మాటాడలేదు.

పై వారం వాగులో కడిగి తెచ్చింది.
పొర కింది పసుపు కూడా కనబడుతోంది.
"తడి" అన్నాను. మూడు కొట్టేశాను.
ఘాటీ దిగేలోగా బూజు పడుతుందని
సావుకారు నేర్పిన మాటే అప్పజెప్పాను.
అబద్ధం కూడా కాదు.
అందుకే అంత సులువుగా నోటికొచ్చింది.

మూడో శుక్రవారం మళ్లీ మట్టితోనే వచ్చింది.
తూకమైంది. రెండు తీశాను.
నోట్లు రెండుసార్లు లెక్కెట్టుకుని కొంగున ముడేసింది.
కదల్లేదు.
కాటా పళ్లెం కింద గొంతుకూచుని
రాలిన ఎర్రమట్టిని అరచేత్తో ఊడ్చి
ఆకుదొప్పలోకి ఎత్తుకుంటోంది.
కళాసీలు నవ్వారు.
"ఏటే అది?" సావుకారు.
తలెత్తకుండానే, మా సంత తెలుగులో అంది:
"ఇది నువ్వు కొన్లేదు కదా బాబూ."

దొప్పలో గుప్పెడు మట్టి.
పావు కేజీ తూగదు.
నా పక్కనే కాటా ఖాళీగా ఉంది,
పళ్లెంలో పెట్టి చూడమని
తను అడగలేదు. నేను అనలేదు.

ఆ రాత్రి అటక మీంచి పాత పుస్తకాలు దించి
నాలుగో గడి కూడుతూ కూచున్నాను.
మూడో ఏడు దగ్గరే
లారీడు మట్టి దాటిపోయింది.
సుంకి మలుపుల్లో దిగిన లారీ ఏదీ
మట్టి మోసినట్టు నాకు గుర్తు లేదు.
కొండలు చూస్తే ఎక్కడివక్కడే ఉన్నాయి.
మిగతా పదహారేళ్లూ కూడలేదు.
దీపం ఆర్పేశాను.

రేపటి సంతకి ముల్లంగి దిగుతుంది.
దానికీ మట్టి ఉంటుంది.
పెన్సిలు చెక్కుకోవాలి.