నాలుగో కార్డు

మాకొచ్చినవి మూడే కార్డులు గిటారు మీద.
ఇప్పుడు జేబులో కూడా మూడే:
రేషన్‌ది, ఆధార్‌ది, ఆరోగ్యశ్రీది.
అన్నీ అంచులు అరిగినవే.

తొంభై మూడులో కేసెట్టు తీశాం.
రెండొందల కాపీల్లో నూట అరవై
తవిటినాయుడి అటక మీద ఎలకలు విన్నాయి.
పేరు గోనె. బ్యాండు పేరూ అదే,
ఇంకో మాట వెతికే ఓపిక లేక.

అప్పుడు లాకౌటు. మిల్లు గేటు ముందు
ఎవరి పెళ్లికో కట్టిన మైకుసెట్టు ఎత్తుకొచ్చి అరిచాం.
లాఠీ పడి పెట్టె పగిలితే
ఆ చప్పుడే బాగుందన్నారు జనం.

మళ్లీ ఇన్నాళ్లకి రెండో ఆల్బమ్,
నెల్లిమర్ల రోడ్డులో, మూతబడ్డ అదే మిల్లు గోడౌన్లో.
తాళాలు సన్నాసిరావు దగ్గరున్నాయి,
అప్పటి మా బేసు గిటారు, ఇప్పటి నైటు వాచ్‌మన్.
"నానే కాపలా, నానే దొంగ" అంటూ
గొలుసు విప్పాడు.

డ్రమ్ము మీద మొదటి దెబ్బకే
జనపనార ధూళి లేచింది.
అందరం దగ్గాం.
ఆ దగ్గు తీసెయ్యొద్దన్నాను, తాళంలోనే ఉంది.

నాలుగు రాత్రులు
రాయగడ పాసింజరు పోయేదాకా ఆగేవాళ్లం.
ఐదో రాత్రి ఆగడం మానేశాం.
అది మా కన్నా శ్రుతిలో ఉంది.

గొడవ ఏడో పాట దగ్గర.
అప్పలసూరి సిగ్గుపడుతూ చెప్పాడు,
నాలుగో కార్డు నేర్చుకున్నానని.
చర్చిలో కీబోర్డు వాయించే గుంట నేర్పిందట,
ఆటోకి డబ్బులు తీసుకోనందుకు.

తవిటినాయుడు పుల్లలు విసిరేశాడు.
"మూడింటితోటే మేనేజిమెంటుని తిట్టినాం.
సాల్లేదేటిరా?"
"సాలింది" అన్నాడు సూరి.
"తిట్టడానికి సాలింది."

ఎవరూ మాట్లాడలేదు.
పన్నెండున్నర. సన్నాసి లేచి రౌండుకెళ్లాడు.
మూలమూలకీ టార్చి వేసి
అమ్మేసిన మగ్గాల్ని వరసగా లెక్కపెట్టి
వచ్చి కూర్చుని
"ఏదీ, ఓపాలి ఇనిపించు" అన్నాడు.

వాయించాడు. వేలు కొంచెం జారింది.
తలుపు సగం తీసి
లోపలికి రావాలా వద్దా అని
ఎవరో నిలబడ్డట్టుంది ఆ శబ్దం.

పాటలో ఒక్కచోటే ఉంచాం,
చివరి తిట్టుకి ముందు.
వినేవాళ్లు తప్పనుకుంటారు. అనుకోనీ.
తవిటినాయుడు మాత్రం అక్కడ వాయించడు.
పుల్లలు రెండూ చంకలో పెట్టుకుని
రేకుల కప్పు కేసి చూస్తూ
పెదాలు మాత్రం కదుపుతాడు,
ఒకటి, రెండు, మూడు,
నాలుగు