రిమార్కులు

మా మేనల్లుడు ఫణీంద్ర పెట్టి వెళ్ళాడు దీన్ని
బ్రౌజర్‌కి కుడి పక్కన, చెవికి పోగులా.
"ఎక్కడా నొక్కక్కర్లేదు మావయ్యా,
ఏం కావాలో రాయి, అదే చేసుకుంటుంది" అన్నాడు.

నేను లోయరూ హయ్యరూ పాసైనవాణ్ణి.
పి.గన్నవరం అక్విడెక్టు దిగగానే
ఎరువుల కొట్టు మేడ మీద
పదహారేళ్ళుగా జనం బతుకుల్ని
ఎర్రచుక్క పెట్టిన గడుల్లో కూరుతున్నవాణ్ణి.
చెప్పింది చేయడమే తెలుసు గాని
ఒకళ్ళకి పని చెప్పడం రాదు.

మొదటిరోజు రాశాను:
"ఫారం తెరు."
తెరిచింది.
"ఈ ఫోటో యాభై కేబీకి తగ్గించి ఎక్కించు."
ఎక్కించింది.
"సర్వర్ వచ్చేదాకా ప్రయత్నిస్తూ ఉండు."
నేను టీకి వెళ్ళొచ్చేసరికి
ఇంకా తలుపు కొడుతూనే ఉంది,
అప్పులవాడికంటే ఓపిగ్గా.

ఓసారి "అందరి ఇంటిపేర్లూ సరిచెయ్యి" అన్నాను.
గుబ్బలవాళ్ళనీ గుత్తులవాళ్ళనీ
ఒకే ఇంటివాళ్ళని చేసి కూర్చుంది.
అప్పట్నించీ ఆచితూచి రాస్తున్నాను,
తాసీల్దారు ముందు నిలబడ్డట్టు.

వరద తీసిన మూడో రోజు
లంకలోంచి పడవ దాటి వచ్చింది నేలపూడి సువార్తమ్మ.
కుచ్చిళ్ళకి ఇంకా ఒండ్రు.
ప్లాస్టిక్ సంచిలో ఆధార్, కౌలు కార్డు,
తడిసి ఆరి అప్పడాలైన బ్యాంకు పుస్తకం.

"ఇదేనాండి, రాత్తే ఇనుకునేది?"
"ఇదేనమ్మా. చెప్పు, అన్నది అన్నట్టే కొడతాను."

కుర్చీ అంచున కూర్చుని గొంతు సవరించుకుంది,
చర్చిలో సాక్ష్యానికి లేచినట్టు.

"ఎనభై సెంట్ల కౌలండి, దొండపాదు.
పందిరికి వెదుళ్ళు అరువు తెచ్చాం, ఇంకా అప్పే.
ఆదివారం ఆరాధన అయ్యేసరికి నీళ్ళు పందిరి కిందున్నాయి,
దీపాలేళకి పందిరి మీదున్నాయి.
మా ఏసేబు పీకల్లోతులో దిగి రెండు గంపలు కోశాడు.
గంపలు ఏరు పట్టుకెళ్ళిపోయింది.
ఒడ్డుకొచ్చి నవ్వాడండి,
పాతికేళ్ళ కాపరంలో ఆ నవ్వు నేనెరగను.
నాటుకోడి గుంజ మీద రెండు రాత్రులుంది.
గుడ్డు కూడా పెట్టింది, ఏట్లో పడింది.
కాత్త మర్యాదగా చెప్పండి దానికి, గద్దించకండి."

మర్యాదగానే కొట్టాను. చివర "అండి" కూడా పెట్టాను.

రెప్పపాటు ఆలోచించింది.
సర్వే నెంబరు దాని గడిలో.
ఎనభై సెంట్లు, సున్నా పాయింట్ ఎనిమిది.
పంట: కూరగాయలు, ఇతరములు.
కారణం: వరద.
ఆదివారానికి తేదీ తనే వెతుక్కుంది.
ఏసేబు 'తండ్రి లేక భర్త' గడిలోకి వెళ్ళాడు.
నవ్వు బయటే ఉండిపోయింది.

కోడి, గుడ్డు, గంపలు, అరువు వెదుళ్ళు
బూడిదరంగు అక్షరాల్లో తేలుతున్నాయి,
నీళ్ళు తీశాక కంచెకి పట్టిన చెత్తలా.

నాకెందుకో చెయ్యి ఆగలేదు.
"మిగిలిందంతా రిమార్కుల్లో పెట్టు."
"అరవై అక్షరాలకే చోటుంది. కుదించమంటారా?"
"కుదించకు."
పోర్టల్ ఒప్పుకోలేదు. గడి ఎర్రబడింది.
"సరే కుదించు. కోడిని మాత్రం ఉంచు."

చదివి వినిపించాను:
"కౌలు దొండపాదు పూర్తిగా మునిగినది. కోడి క్షేమం."

బెంచీ మీద రేషన్ కార్డు కుర్రాడు కిసుక్కుమన్నాడు.
సువార్తమ్మ నవ్వలేదు.
పెదాలు కదిపి ఒక్కో మాటా తూచుకుంది.
"ఆయ్, అంతేనండి. బాగానే ఇన్నది.
కాపోతే కోడి క్షేమమంటే
డబ్బులు తగ్గిత్తారేమో, అది తీయించెయ్యండి."

తీయించేశాను.

పంపేముందు అది ఆగింది.
ఆ ఒక్క మీటా మనిషే నొక్కాలట.
నొక్కాను.

ముప్పై రూపాయలు.
కొంగుముడి విప్పి నా ముందు పెట్టి
తెర వైపు కాస్త వంగి, గొంతు తగ్గించి అడిగింది,
"దానికేవైనా ఇవ్వాలాండి?"