పదమూడు వందల చుట్లు

రోజ్నోవ్‌లో మార్చి అంటే మంచు బురదయ్యే నెల.
ఆ బురద గుమ్మంలో దులుపుకుని
రాదొవాన్ గారు ఒక ఇనప డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు.
వెనకే బ్లాజెనా గారు.
చేతిసంచిలో రెండు జతల హెడ్‌ఫోన్లు,
నాకని ఒక పొట్లం ఎండు ప్లమ్ పళ్లు.

"ఒక్కణ్ణే వింటే పాడుతుంది," అన్నారాయన,
"ఇద్దరం వింటే పాడవుతుంది."

మూత తీశాను. వాల్వులు రెండూ మా ఊరివే.
గాజు మీద తేదీ ముద్ర చూసి చెయ్యి ఆగింది:
ఆ ఏడు అమ్మ ఫ్యాక్టరీలో
గాజు మూతులు మూసే వరసలో కూర్చునేది,
రాత్రి జడ వేస్తుంటే ఆమె వేళ్లు గ్యాసు మంట వాసన వేసేవి.
ఇవి ఆమె మూసినవే అని చెప్పలేను.
కాదని కూడా.

ఆయన జత ఆరు వందల ఓములు.
ఆస్ట్రావా రేడియోలో ముప్ఫై ఏళ్లు చెవులకంటుకుని
తోలు నెర్రెలిచ్చిన బరువు.
ఆవిడది ముప్ఫై రెండు.
మనవరాలు మొదటి జీతంతో కొన్నది, పుదీనా రంగు, ఈకంత తేలిక.
ఈడూ జోడూ చూడకుండా
రెంటినీ ఒకే డబ్బాకి కట్టబెట్టారు పాపం.

ఆయనది సన్నమూతి కూజా, చుక్క చుక్కగా తాగుతుంది.
ఆవిడది గంగాళం.
ఈ డబ్బాకి ఒత్తిడి ఉంది, ధార లేదు.
గంగాళం పక్కన చేరగానే కూజా ఎండుతుంది,
గంగాళమూ నిండదు.

వాళ్లకి ఇదంతా చెప్పలేదు.
"మీ ఆవిడ ఎక్కువ లాగేస్తున్నారు," అన్నాను.
"యాభై రెండేళ్లుగా," అన్నారాయన.
ఆవిడ నవ్వలేదు.
"నాకు డబుల్ బేస్ వినపడదమ్మా.
ఈయన కాలు తాళం వేస్తుంటే చూసి
అక్కడేదో ఉందని అనుకుంటాను."

ఆ మాట రాత్రి నన్ను పడుకోనివ్వలేదు.
దారికి అడ్డంగా పది మైక్రోఫారడ్ల కెపాసిటర్:
ఆరు వందలొస్తే తలుపు బార్లా తీస్తుంది,
ముప్ఫై రెండొస్తే
మంద్రమంతా గుమ్మం బయటే నిలబెడుతుంది.
కొత్త ట్రాన్సిస్టర్ డబ్బా కొనుక్కోండి అనచ్చు.
ఆవిడకీ ఓ పాత జత వెతికి పెట్టచ్చు.
మనవరాలి మొదటి జీతాన్ని సొరుగులో పడేయమని
ఏ నోటితో చెప్పను?

ఆరు వందల్ని ముప్ఫై రెండుతో భాగించి
వర్గమూలం తీస్తే నాలుగూ, పైన మూడో వంతు.
ఇటు పదమూడు వందల చుట్లు, అటు మూడు వందలు,
నడుమ ఇనుము.

వెంట్రుకంత రాగి తీగ.
మొదటిసారి ఎనిమిది వందల డెబ్భై దగ్గర
ఫోన్ మోగింది, లెక్క పోయింది. విప్పేశాను.
రెండోసారి తీగే తెగింది.
మూడోసారి పైకే లెక్కపెట్టాను, బళ్లో ఎక్కాల్లా,
వంద పూర్తయితే ఒక ప్లమ్ పండు నోట్లో,
గింజ సాసర్లో.

శనివారం వచ్చారు.
వాల్వులు ఎర్రబడేదాకా ముగ్గురం మాట్లాడలేదు.
ఇప్పుడు ఆ పుదీనా రంగు జత
డబ్బా కంటికి ఆరు వందల్లా ఆనుతుంది.
ఆవిడ వచ్చి చేరినందుకు
ఆయన పాటలో తగ్గింది ఎనిమిదో వంతు.
ఆయన గమనించలేదు, లేదా గమనించనట్టు కూర్చున్నారు.

ఆయన కాలు లేచింది.
అంతకు అర క్షణం ముందే
ఆవిడ వేలు బల్ల మీద పడింది.
మళ్లీ పడింది.
"తాళం తప్పుతున్నావు!" అన్నారావిడ,
చెవులు మూసుకున్నవాళ్లు అరిచినట్టు.
"ఇన్నేళ్లూ నేను చూసింది తప్పు తాళమా?"
ఆయన వినపడనట్టు వాల్యూమ్ పెంచారు.

వాళ్లు వెళ్లాక సాసర్ కడగబోతూ
ఎందుకో గింజలు లెక్కపెట్టాను.
పద్నాలుగు.
ఆకలికి ఒక పండు ఎక్కువ తిన్నానో,
ఒక వంద ఎక్కువ చుట్టానో.
ఇప్పుడు విప్పి చూడమంటే మాత్రం
నా వల్ల కాదు.